విన్యాసమా, భంగిమా? కర్బన రసాయన పరిభాషపై ఒక విమర్శ

కర్బన రసాయనశాస్త్ర బోధనలో 'విన్యాసం' ఇబ్బందికరమైన మాట. పరమాణువులో ఎలక్ట్రాన్ల అమరికకు 'ఎలక్ట్రాన్ విన్యాసం' అన్న పేరు పాఠ్యపుస్తకాలలో ఏనాడో స్థిరపడింది. ఆంగ్లంలో రెంటికీ 'కాన్ఫిగరేషన్' అన్న మాటే ఉన్నందున, అణువులోని స్థిరమైన త్రిమితీయ అమరికకూ తెలుగులో అదే పేరు వచ్చి చేరింది. వాడుకలో మాత్రం విన్యాసమంటే కదలిక. సర్కస్ విన్యాసాలు, వైమానిక విన్యాసాలు ఎరిగిన విద్యార్థికి, బంధం తెగితే తప్ప మారని అమరికను ఆ పేరుతోనే చెప్పవలసి వస్తున్నది. ఇక నిజంగా కదిలే 'కాన్ఫర్మేషన్'కు మిగిలిందేమిటి? దానిని 'అనురూపం' అని అనువదిస్తే 'తగినట్టుగా' అన్న అర్థమే ముందుకు వస్తుంది. బంధం చుట్టూ భ్రమణమన్న ఊసే ఉండదు.

ఈ తేడా చిన్నది కాదు. ఇథేన్‌లో ఏకబంధం చుట్టూ భ్రమణానికి అడ్డుపడే శక్తి మోల్‌కు సుమారు 12 కిలోజౌళ్లు. గది ఉష్ణోగ్రతలో అణువు దానిని క్షణంలో కోట్లసార్లు దాటుతుంది. ద్విబంధం చుట్టూ తిరగాలంటే పై బంధం తెగాలి, అందుకు 250 కిలోజౌళ్లకు పైగా కావాలి. చతుర్ముఖీయ కార్బన్‌ను వాంట్ హాఫ్, లె బెల్ 1874లో ప్రతిపాదించారు. భ్రమణ రూపాలు చర్యాశీలతను నిర్ణయిస్తాయని డెరెక్ బార్టన్ వివరించినది 1950లో. ఆడ్ హాసెల్‌తో కలిసి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చినది 1969లో. శాస్త్రం స్పష్టంగా విడదీయడానికి ముప్పావు శతాబ్దం పట్టిన రెండు భావనలను పరిభాష మళ్లీ ఒకచోట కలిపేయరాదు.

తిరుపతి జిల్లా అధ్యాపకునికి ఉదాహరణ శ్రీ సిటీలోనే దొరుకుతుంది. అక్కడ 2016లో ప్రారంభమైన మాండెలీజ్ కర్మాగారంలో క్యాడ్‌బరీ చాక్లెట్లు తయారవుతాయి. చాక్లెట్‌కు ఆధారం కోకో వెన్న. అందులోని గ్లిజరైడ్ల నడిమి స్థానంలో ప్రధానంగా ఉండేది ఓలియిక్ ఆమ్లం. దాని సిస్ ద్విబంధం దగ్గర గొలుసు వంగి ఉంటుంది. అవే పరమాణువులతో, ట్రాన్స్ ద్విబంధంతో ఏర్పడిన ఎలాయిడిక్ ఆమ్లం ఇంచుమించు తిన్నగా ఉంటుంది. మొదటిది సుమారు 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే, రెండవది 44 డిగ్రీల దాకా ఘనంగానే నిలుస్తుంది. ఇది స్థిరమైన అమరికలోని తేడా.

కోకో వెన్నకు ఆరు స్ఫటిక రూపాలున్నాయి. వాటిలో ఐదవది సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నోట్లో కరిగే మెరిసే చాక్లెట్ అదే. నిల్వలో అది ఆరవ రూపానికి జారితే పైన తెల్లని పొర కడుతుంది (బూజని పారేసేవారూ ఉన్నారు). అణువు తన మూడు చేతులను ఏ దిక్కుకు చాచినది, పొరుగు అణువులతో ఎలా పేరుకున్నది అన్నవే ఈ రూపాలను వేరుచేస్తాయి. చాక్లెట్‌ను అదునెరిగి వేడిచేసి చల్లార్చే టెంపరింగ్‌లో ఒక్క సమయోజనీయ బంధమూ తెగదు. రెండు రకాల మార్పులూ ఒకే కొవ్వులో కళ్లకు కడుతున్నప్పుడు వాటికి రెండు పేర్లు ఉండి తీరాలి.

ఆ రెండవ పేరు 'భంగిమ' కావచ్చు. కూచిపూడి నర్తకి ఎన్ని భంగిమలు పట్టినా దేహం ఒక్కటే. కుడిచేయి మాత్రం ఏ భంగిమలోనూ ఎడమచేయి కాదు. పాఠం సగం ఆ పోలికలోనే పూర్తవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ బోధన 2021-22 నుంచి ఆంగ్ల మాధ్యమానికి మారింది కనుక ఈ చర్చ అనవసరమనే వాదం నిలవదు. పుస్తకం ఆంగ్లంలో ఉన్నా సందేహం తెలుగులోనే వస్తుంది. పైగా 'కాన్ఫిగరేషన్', 'కాన్ఫర్మేషన్' వినడానికే దగ్గరి మాటలు. వాటిని విడదీసి చూపవలసిన పని అధ్యాపకుని నోటి తెలుగు మీదే పడుతుంది.

'భంగిమ'పై బలమైన అభ్యంతరం వేరే ఉంది. 1922లో క్రిస్టీ, కెన్నర్ ఒక బైఫినైల్ సమ్మేళనపు కుడి ఎడమ రూపాలను వేరుచేశారు. అక్కడ రెండు వలయాలనూ కలిపేది ఏకబంధమే. దాని పక్కనున్న పెద్ద సమూహాలు ఒకదానికొకటి అడ్డుపడి భ్రమణాన్ని ఆపేశాయి. అంటే అక్కడ భంగిమే స్థిరమైన అమరికగా మారిపోయింది. ఆ అణువును ఏ పేరుతో పిలవాలన్న ప్రశ్నకు 'భంగిమ' ఒక్కటే చాలదు. 'బంధిత భంగిమ' వంటి మరో మాటను కూడా ఆలోచించవలసి ఉంటుంది.