చెరసాలలో లెక్కాచారం: రామదాసు కీర్తనలు

భక్త రామదాసు పేరు వినగానే తెలుగువారికి ముందుగా స్ఫురించేది ఆరు లక్షల మొహరీల కథ. రామలక్ష్మణులు అర్ధరాత్రి తానీషా శయనాగారానికి వచ్చి, బాకీ చెల్లించి, రసీదు పుచ్చుకున్నారన్న ఆ గాథను హరికథకులు, 1964 నాటి నాగయ్యగారి చిత్రం, 2006లో వచ్చిన మరో చిత్రం ఇంటింటికీ చేర్చాయి. కథ రమ్యమైనదే. అయితే కీర్తనలకు అది కొంత అన్యాయం చేసింది. విముక్తి సంగతి ముందే ఎరిగిన శ్రోత ఆ వేదనను నిశ్చింతగా వింటాడు. పాడినవానికి ఆ సౌలభ్యం లేదు.

నేలకొండపల్లికి చెందిన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీలుదారు. భద్రాచల రామాలయానికి సర్కారు సొమ్ము వెచ్చించిన నేరానికి గోల్కొండలో ఖైదయ్యాడు. చెర పన్నెండేళ్ళని సంప్రదాయం. అబుల్ హసన్ తానీషా 1672లో గద్దెనెక్కాడు. 1687లో కోట ఔరంగజేబు వశమైంది. ఆ పదిహేనేళ్ళలోనే ఈ పన్నెండూ ఇమడాలి. గోపన్నకు మేనమామలని చెప్పే అక్కన్న మాదన్నలు అధికార శిఖరాన ఉన్న కాలం అది. 1686లో వారూ హత్యకు గురయ్యారు. బంధుబలం సైతం అక్కరకు రాని చోట పుట్టిన పాటలివి.

'ఇక్ష్వాకు కులతిలక' కీర్తనను గమనించండి. ప్రాకారానికి ఇంత, భరతుని పచ్చల పతకానికి ఇంత, శత్రుఘ్నుని మొలతాడుకు ఇంత, సీతమ్మ చింతాకు పతకానికి ఇంత అంటూ పద్దు వెంట పద్దు చదువుతాడు. చాలావాటికి మొత్తం పదివేలే. ఆడిట్ అభ్యంతరానికి ఎన్నడైనా సంజాయిషీ రాసుకున్న ఉద్యోగికి ఈ బాణీ పరిచితమే. మంజూరు లేని ఖర్చును అతడు దాచడు, సమర్థించుకోడు. సొమ్ము ఎవరి ఒంటిమీద ఉన్నదో వారినే అడుగుతాడు. ఈ సింగారం పుట్టింటివారు పెట్టిందా, అత్తవారు పెట్టిందా అన్న ధోరణిలో రాముణ్ణి నిలదీస్తాడు. వెంటనే, దెబ్బల బాధకు ఓర్వలేక నోరు జారానని వేడుకొంటాడు.

ఆ నింద, ఆ క్షమాపణ ఒకే కీర్తనలో ఉండటంలోనే దాని బలమంతా ఉంది. నమ్మకమంటే మౌనంగా భరించడమని భావించేవారికి ఇది అపచారంగా తోచవచ్చు. కాని వినేవాడు లేడనుకున్నవాడు ఇంత పట్టుదలగా లెక్క అప్పజెప్పడు. మరొక చోట సీతమ్మను సిఫారసు చేయమని ప్రాధేయపడతాడు. అంటే విన్నపం ఏ ద్వారాన వెళితే ప్రభువుకు చేరుతుందో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు.

దాశరథీ శతకం ఇంతకంటే ప్రౌఢమైన రచన. వృత్తాల నడకలో గాంభీర్యముంది. నాకు మాత్రం అందులో భయం తక్కువగా వినిపిస్తుంది. భయం తగ్గినకొద్దీ నమ్మకం విలువ కూడా కొంత తగ్గినట్లే ఉంటుంది. ఇది నా అభిరుచి కావచ్చు. సర్కారు దృష్టిలో గోపన్న దోషే. ఆ మాట దాచి అతణ్ణి కేవలం అమాయక బాధితునిగా చూపే వ్యాఖ్యానాలు కీర్తనల్లోని ఇరకాటాన్ని తుడిచివేస్తున్నాయి. తన తప్పు తనకు తెలిసినవాడు దేవుణ్ణి నమ్మడం వేరు.

తరువాత వచ్చిన త్యాగరాజు 'క్షీరసాగర శయన' కృతిలో రామదాసు బంధవిముక్తిని తాను విన్న నిదర్శనంగా పేర్కొన్నాడు. మన కచేరీల్లో పూర్వపు తీర్పును ఉటంకించడం వంటిదే అది. రామదాసుకు గజేంద్రుడూ ద్రౌపదీ ఉన్నారు గాని, ఖజానా బాకీపడి గట్టెక్కిన తహసీలుదారు ఎవరూ లేరు.