మూఢం విడిచాక చుక్క ఎటు పొడుస్తుంది?

పెళ్లి సంబంధం కుదిరిన ఇంట్లో మొదట వినిపించే ప్రశ్న, "మూఢం ఎప్పుడు విడుస్తుంది?" పురోహితుడు పంచాంగం తిరగేసి తేదీ చెబుతాడు. ఫంక్షన్ హాలు బుక్ అయిపోతుంది. సరిగ్గా ఆ తేదీకి అటూ ఇటూగా, ఇన్నాళ్లూ కనిపించని గ్రహం ఒకటి ఆకాశంలో మళ్లీ పొడుస్తుంది. దాన్ని చూడటానికి మాత్రం ఎవరూ డాబా ఎక్కరు.

మూఢం, అంటే మౌఢ్యం, పూర్తిగా కంటికి సంబంధించిన లెక్క. గ్రహం సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి, ఆ వెలుగులో కనిపించకుండా పోవడమే మౌఢ్యం. ఎంత దగ్గరైతే కనిపించదో ప్రాచీన ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం కాలాంశల్లో చెప్పింది. ఒక కాలాంశ నాలుగు నిమిషాలు. గురుడికి 11 కాలాంశలు. అంటే సూర్యోదయానికి కనీసం 44 నిమిషాల ముందు ఉదయిస్తేనే గురుడు కనబడతాడు. శనికి 15, కుజుడికి 17. అన్నిటికన్నా కాంతిమంతుడైన శుక్రుడికి 10 చాలు. వక్రంలో ఉంటే, అంటే వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తే, 8 సరిపోతాయి, ఎందుకంటే అప్పుడు శుక్రుడు భూమికి బాగా దగ్గరగా ఉంటాడు. ఏళ్ల తరబడి తెల్లవారుజామున తూర్పునా, మునిమాపున పడమరా కాపు కాసినవాళ్లకే ఇలాంటి అంకెలు దొరుకుతాయి.

శుక్రుడికి మూఢాలు రెండు రకాలు. సూర్యుడికి అవతలి వైపు వెళ్లినప్పుడు వచ్చేది నెలలు సాగుతుంది. 2025 నవంబరు చివర మొదలైన మూఢం 2026 ఫిబ్రవరి మధ్య దాకా నడిచింది. తూర్పున మునిగిన వేగుచుక్క, మూఢం విడిచాక పడమట సాయంత్రపు చుక్కగా తేలింది. రెండోది శుక్రుడు భూమికీ సూర్యుడికీ నడుమకు వచ్చినప్పటిది. కొద్ది రోజుల్లోనే అయిపోతుంది. ఈసారి పడమట మునిగి తూర్పున పొడుస్తాడు. 2026 అక్టోబరు 24న శుక్రుడు అలా నడుమకు వస్తాడు కాబట్టి, నవంబరులో వేగుచుక్కను చూడాలంటే తెల్లవారకముందే లేవాలి.

మిగతా గ్రహాల జాడ పట్టడానికి దుర్భిణి అక్కర్లేదు. పంచాంగంలో సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో, గ్రహం ఏ రాశిలో ఉందో చూసుకుని, సూర్యుడి రాశిని ఒకటిగా పెట్టుకుని లెక్కపెడితే చాలు. ఒక్కో రాశి ఉదయించడానికి సుమారు రెండు గంటలు పడుతుంది. గ్రహం మూడో రాశిలో ఉంటే, పొద్దు గూకాక మూడు నాలుగు గంటలు పడమట కనిపిస్తుంది. పదకొండో రాశిలో ఉంటే తెల్లవారుజామున తూర్పున వెతకాలి. ఏడో రాశిలో ఉంటే ఇటు సూర్యుడు అస్తమిస్తుంటే అటు గ్రహం ఉదయిస్తుంది, రాత్రంతా ఆకాశంలోనే ఉంటుంది. 2026 అక్టోబరు 4నే తీసుకోండి. సూర్యుడు కన్యలో, శని మీనంలో. కన్యకు మీనం ఏడోది. ఆ రాత్రి శని తెల్లవార్లూ కనిపిస్తాడు. బుధ శుక్రుల కోసం ఇంత లెక్క అక్కర్లేదు. సూర్యుడి నుంచి శుక్రుడు 47 డిగ్రీలు దాటడు, బుధుడు 28 దాటడు. నడిరాత్రి నడినెత్తిన మెరిసేది ఏదైనా కావచ్చు గానీ శుక్రుడు మాత్రం కాదు.

డిగ్రీలు కొలవడానికి చెయ్యే సాధనం. చాచిన చేతి పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు, చిటికెన వేలు ఒకటి. రాశి అంటే మూడు పిడికిళ్లు. గ్రహాల దారిలో రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ నక్షత్రాలు మైలురాళ్లలా నిలబడి ఉంటాయి. నక్షత్రం మిణుకుమంటుంది, గ్రహం నిలకడగా వెలుగుతుంది. అయితే ఎర్రటి జ్యేష్ఠను చూసి కుజుడనుకునే పొరపాటు చాలా పాతది. ఆ నక్షత్రానికి గ్రీకులు పెట్టిన అంటారెస్ అన్న పేరుకు కుజుడికి పోటీ అనే అర్థం.

వక్రగతి అనగానే జనం కంగారు పడతారు. చూసేవాడికి అదే పండగ. కుజ, గురు, శనులు సూర్యుడికి ఎదురుగా వచ్చే రోజుల్లోనే వక్రిస్తారు. భూమి వాళ్లను దాటి ముందుకు పోతుంటే వాళ్లు వెనక్కి నడుస్తున్నట్టు మనకు అనిపిస్తుంది. భూమికి అతి దగ్గరగా, అతి కాంతిగా ఉండేదీ అప్పుడే. కుజుడికి ఈ అవకాశం సుమారు 780 రోజులకు ఒకసారి వస్తుంది. 2027 ఫిబ్రవరి 19న మళ్లీ అలా ఎదురు నిలుస్తాడు.

పంచాంగం లెక్క ఆకాశంతో కుదరకపోతే ఏం చేయాలన్న తగువు 19వ శతాబ్దంలో గట్టిగానే నడిచింది. మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి, కంటికి కనిపించేదానితో సరిపోయే దృగ్గణిత పంచాంగం వైపు నిలిచాడు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగిన ఘట్టాన్ని వివరిస్తూ, సిద్ధాంతికీ ఖగోళవేత్తకూ మధ్య సంభాషణగా పుస్తకం రాశాడు. అదే ఘట్టాన్ని విశాఖపట్నంలోని వేధశాల నుంచి అంకితం వెంకట నరసింగరావు దూరదర్శినితో గమనించాడు. ఆ వేధశాలను నెలకొల్పింది ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు.

తెలుగువాళ్లు లక్షలాదిగా తరలివెళ్లే పుష్కరాలు కూడా గ్రహ గమనమే. గురుడు పన్నెండేళ్లకోసారి రాశిచక్రం చుట్టి వస్తాడు. ఆయన సింహంలో అడుగుపెడితే గోదావరికి, కన్యలో అడుగుపెడితే కృష్ణకు పుష్కరాలు. 2015 జులైలో గోదావరి పుష్కరాలు మొదలైనప్పుడు సాయంత్రం పడమటి దిక్కున మఖా నక్షత్రం చెంతనే గురుడూ శుక్రుడూ కలిసి వెలిగారు. రాజమండ్రి రేవుల్లో మునకలు వేసినవారిలో ఎందరు తలెత్తి చూశారో!

మళ్లీ గోదావరి పుష్కరాలు 2027 జూన్ 26న మొదలవుతాయి. ఆ సాయంత్రం మబ్బు పట్టకపోతే, పొద్దు గూకిన గంటకు పడమటి ఆకాశంలో మఖకు పిడికిలి కన్నా తక్కువ దూరంలో గురుడు కనిపిస్తాడు.