తూకంలో తేలిక, తెడ్డులో పదును

హైదరాబాద్ శివారు గోపన్‌పల్లిలాంటి చోట ఒక చిన్న కాలేజీ రోయింగ్ జట్టు కట్టాలంటే మొదటి చిక్కు నీళ్లే. రెండు వేల మీటర్ల పందేనికి తగిన నీళ్లు కావాలంటే హుస్సేన్ సాగర్ దాకా వెళ్లాలి. 2005లో ఆసియా రోయింగ్ చాంపియన్‌షిప్ జరిగిన చెరువు అది. గాలి లేవకముందే, ట్రాఫిక్ ముదరకముందే అక్కడికి చేరాలి. మిగతా రోజుల్లో జిమ్‌లోని రోయింగ్ మిషనే దిక్కు.

ఇలాంటి చిన్న జట్టుకు తగినది బరువుకు హద్దు ఉండే లైట్‌వెయిట్ విభాగం. అందులో పురుషులెవరూ 72.5 కిలోలు మించకూడదు, జట్టు సగటు 70 కిలోలు దాటకూడదు. మహిళలకు ఈ హద్దులు 59, 57. అందరి బరువూ దాదాపు ఒకటే కాబట్టి గెలుపోటములు తేల్చేది పనితనమే.

ఆ పనితనమంతా ఒక్క తెడ్డువేటులో కనిపిస్తుంది. మోకాళ్లు ముడుచుకుని, చేతులు చాచి తెడ్డును నీట్లో ముంచడం క్యాచ్. అక్కణ్నుంచి ముందు కాళ్లతో తన్నాలి, తర్వాత నడుము వెనక్కి వాలాలి, చివర్లో చేతులు లాగాలి. తిరిగి వచ్చేటప్పుడు ఈ వరస తలకిందులవుతుంది: చేతులు, నడుము, ఆఖర్న మోకాళ్లు. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే. జారే సీటు మీద ఆత్రంగా ముందుకు దూసుకొస్తే ఆ బరువు పాదాల పలకను తన్ని, సాగుతున్న పడవను వెనక్కి నెడుతుంది. అందుకే కోచ్ సీజన్ మొదట్లో వేగం జోలికి పోడు. నిమిషానికి 18, 20 తెడ్డువేట్లతో గంటసేపు నడిపించి, అందరి తెడ్లూ ఒకే చప్పుడుతో మునిగేదాకా చూస్తాడు. పందేలు దగ్గరపడ్డాకే 34, 36కు పెంచుతాడు.

బరువు విషయంలో కోచ్ మరింత జాగ్రత్తగా ఉండాలి. తూకం పందేనికి గంట, రెండు గంటల ముందే వేస్తారు. ఆ పూట నీళ్లు మానేసి, చెమటలు కక్కి కిలోలు దించుకున్న కుర్రాడు ఆఖరి ఐదొందల మీటర్లలో చతికిలబడతాడు, ఒంటికీ ప్రమాదమే. తగ్గాల్సినవాళ్లను నెలల ముందే గుర్తించి, హాస్టల్ మెస్ తిండిని సరిచేస్తూ నెమ్మదిగా దించాలి. ఎదిగే వయసువాళ్లు ఆ హద్దుకు లొంగకపోతే బరువు హద్దులేని ఓపెన్ విభాగానికి పంపడమే న్యాయం.

లైట్‌వెయిట్ విభాగం మనవాళ్లకు కలిసొచ్చింది. అర్జున్ లాల్ జాట్, అరవింద్ సింగ్ జోడీ టోక్యో ఒలింపిక్స్‌లో 11వ స్థానంలో నిలిచింది, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రజతం తెచ్చింది. 1996లో ఒలింపిక్స్‌లోకి వచ్చిన లైట్‌వెయిట్ పందేలు 2024 పారిస్‌తో ఆగిపోయాయి. తర్వాతి లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో వాటి బదులు సముద్రతీరపు రోయింగ్ ఉంటుంది.

కాలేజీలు మాత్రం లైట్‌వెయిట్‌ను వదులుకోకూడదు. ఆరడుగుల ఆజానుబాహులు దొరకని క్యాంపస్‌లో కూడా 65, 70 కిలోల విద్యార్థులకు కొదవ లేదు. ఒక నలుగురి పడవ, వెంట రక్షణ పడవ, ఈత వచ్చిన పిల్లలు, ఓర్పున్న కోచ్ ఉంటే వచ్చే సీజన్‌కే ఒక జట్టును నీట్లోకి దించవచ్చు.