రాగాల పట్టిక రోగిని చూస్తుందా?

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే దారిలో పిళ్లైయార్‌కుప్పం అనే ఊరుంది. అక్కడి మహాత్మాగాంధీ వైద్య కళాశాలలో, శ్రీ బాలాజీ విద్యాపీఠ్ ఆధ్వర్యంలో, 2010లో సంగీత చికిత్స విద్యా పరిశోధన కేంద్రం ఏర్పడింది. వైద్య కళాశాలలో తంబురాకు పనేమిటని మీకు సందేహం రావచ్చు. డాక్టర్ సుమతీ సుందర్ నాయకత్వంలో మొదలైన ఆ కేంద్రం వెనుక ఒక స్పష్టమైన ఆలోచన ఉంది: పాడగలగడం ఒక విద్య, ఆ పాటను రోగి మంచం దగ్గరకు తీసుకెళ్లడం ఇంకొక విద్య. రెండోదాన్ని విడిగా నేర్చుకోవాలి.

మనకు ఎక్కువ పరిచయమైనది మాత్రం రాగాల పట్టిక. ఆనందభైరవి రక్తపోటుకు, నీలాంబరి నిద్రలేమికి... ఇలా సాగుతుంది. ఒకప్పుడు క్యాసెట్ల అట్టల మీద, ఇప్పుడు సెల్‌ఫోన్లలో మీరూ చూసే ఉంటారు. ఇరవై ఏళ్ల కిందట అలాంటి పట్టికనొకదాన్ని నేనే తెలుగులోకి అనువదించాను. రుజువేమిటని ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అది అచ్చయ్యాక ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు: మాత్ర మానేసి ఆనందభైరవి వింటే చాలునా అని. చాలదు, మాత్ర మానవద్దని వెంటనే జవాబు రాశాను గాని, ఆ రాత్రి నాకు ఏ రాగమూ నిద్ర తెప్పించలేదు.

పట్టికలో ఉన్న లోపం ఏమిటో చూద్దాం. ముప్పయి మంది రోగులను పడుకోబెట్టి ఇరవై నిమిషాలు ఆనందభైరవి వినిపించాం, రక్తపోటు తగ్గిందనుకోండి. తగ్గించింది రాగమా? నెమ్మదైన నడకా? ఊరికే పడుకోవడమా? ఇంకో రాగం విన్నవారితో, ఏమీ వినకుండా పడుకున్నవారితో పోల్చకపోతే తెలియదు. 2006లో ఇటలీలోని పావియా విశ్వవిద్యాలయానికి చెందిన లూచియానో బెర్నార్డీ, ఆయన సహచరులు 24 మందికి ఆరు రకాల సంగీతం వినిపించి ఊపిరి, గుండె వేగం, రక్తపోటు కొలిచారు. వాటిలో మన రాగ సంగీతం ఒకటి, ర్యాప్ మరొకటి. సంగీతం వేగం పెరిగినకొద్దీ ఈ మూడూ పెరిగాయి. శైలి ప్రభావం అంతకంటే తక్కువ. తమాషా ఏమిటంటే, మధ్యలో రెండు నిమిషాలు సంగీతం ఆపినప్పుడు అవి మొదట ఉన్న స్థాయికంటే కూడా కిందికి దిగాయి! చిన్న ప్రయోగమే. అయినా పట్టిక రాసేవారు నిశ్శబ్దానికి ఒక గడి కేటాయించాలి కదా.

మరి సంగీత చికిత్సకుడికి ఏం తెలిసి ఉండాలి? (సంగీత వైద్యుడు అనే మాట నేను వాడను. ఆయన మందులు రాయడు.) మొదట తెలియవలసింది రోగి. పక్షవాతంతో మాట పోయినా, కొందరికి పాట మిగిలి ఉంటుంది. దాని ఆధారంగా చిన్న చిన్న మాటలను స్వరం కట్టి పలికించి, క్రమంగా స్వరాన్ని తగ్గిస్తూ మాటకు చేర్చే పద్ధతిని 1973లో అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు ప్రకటించారు. పార్కిన్సన్ వ్యాధిలో అడుగు తడబడేవారికి స్థిరమైన తాళం నడకను సరిచేయడానికి ఉపయోగపడుతుందని మైకేల్ థాట్ బృందం 1996లో చూపించింది. ఇక్కడ పని చేస్తున్నది లయ. ఏ రాగమన్నది ప్రశ్నే కాదు.

ఎక్కడ ఆగాలో తెలియడం ఇంకా ముఖ్యం. సంగీతం వింటేనే మూర్ఛ వచ్చేవారు, అరుదుగానైనా, ఉన్నారు. నెలలు నిండని శిశువులుండే వార్డులో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని అమెరికా శిశువైద్యుల అకాడమీ 1997లో సూచించింది. మామూలు సంభాషణే అంతకు మించుతుంది! గొంతు ఎంత మధురమైనా సరే, ఈ సంగతి తెలియనివారిని ఆ వార్డులోకి పంపకూడదు.

అమెరికాలో ఇలాంటి జ్ఞానాన్ని పరీక్షించడానికి 1983లోనే ఒక ధ్రువీకరణ మండలి ఏర్పడింది. డిగ్రీతోపాటు 1200 గంటల క్షేత్ర శిక్షణ పూర్తయ్యాకే ఆ పరీక్ష రాయాలి. రోగిని అంచనా వేయడం, లక్ష్యం నిర్ణయించడం, భద్రత, ఫలితాన్ని నమోదు చేయడం అందులో అడుగుతారు. అయిదేళ్లకొకసారి ధ్రువీకరణను పునరుద్ధరించుకోవాలి కూడా. బ్రిటన్‌లోనైతే రిజిస్టరు కాకుండా ఆ పేరు పెట్టుకోవడమే నేరం.

అలాగని ధ్రువపత్రం ఉంటే చికిత్స ఫలిస్తుందని కాదు. తొమ్మిది దేశాల్లో 364 మంది ఆటిజం పిల్లలపై శిక్షణ పొందిన చికిత్సకులే పనిచేసిన ప్రయోగం 2017లో వెలువడింది. అయిదు నెలల తర్వాత లక్షణాల తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. దాన్ని దాచకుండా ప్రచురించారు. పట్టికలో ఓడిన రాగం పేరు మీరెప్పుడైనా చూశారా?

మన దేశంలో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం 2021లో వచ్చింది. దాని జాబితాలో కళా, నృత్య చికిత్సకుల ప్రస్తావన ఉంది గాని సంగీత చికిత్సకుడు అనే పేరు విడిగా లేదు. పుదుచ్చేరి కేంద్రం వంటివి డిగ్రీలు, డిప్లొమాలు ఇవ్వగలవు. దేశమంతటికీ ఒకే పరీక్ష పెట్టడం ఒక విద్యాసంస్థ చేయగల పని కాదు. ఈలోగా రెండు ఆదివారాల తరగతులు విన్నవారూ, రెండేళ్లు ఆసుపత్రిలో శ్రమించినవారూ ఒకే బోర్డు తగిలించుకుంటారు. మాటలు రాని బిడ్డను ఎత్తుకుని వచ్చిన తల్లికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

మీలో సంగీతమూ జీవశాస్త్రమూ రెండూ ఇష్టమైనవారు యానాంలోనో కాకినాడలోనో ఉండవచ్చు. ఇలాంటి కోర్సులో చేరాలనుకుంటే, ఫీజు కట్టేముందు ఎన్ని రాగాలు నేర్పుతారని అడగకండి. అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగులతో ఎన్ని గంటలు గడపనిస్తారో, ఆ గంటలను ఎవరు నమోదు చేస్తారో కాగితం మీద రాసిమ్మనండి.