తొంకొత్సు రామెన్ పాకము

రసము కాచుటలో నిగ్రహమే ప్రథమ నియమమని పాకశాస్త్రజ్ఞులు తరతరములుగా చెప్పుచు వచ్చినారు. పరాసు వంటవాడు మాంసపు నీటిని తెర్లనీయక, సన్నని సెగమీద గంటలకొలది కావలి కాయుచు, పైకి తేలిన తెట్టును తీసివేయుచు, గిన్నె అడుగు కనబడునంతటి తేట రసమును సాధించును. జపాను గృహిణి కొంబు అను సముద్రపు నాచు నానిన నీరు మరుగు పట్టకముందే ఆ నాచును పైకి తీయును. అట్టి జపానులోనే, దక్షిణమున నున్న క్యూషూ ద్వీపమందు, పంది ఎముకలను పెద్ద మంటమీద 12 మొదలు 18 గంటలవరకు కళపెళ తెర్లించి, తేటదనమును బుద్ధిపూర్వకముగా భంగపరచి, చిక్కని తెల్లని రసమును తీయు సంప్రదాయమొకటి గడచిన శతాబ్దిలో పుట్టి లోకమంతట వ్యాపించినది. దానినే తొంకొత్సు రామెన్ అందురు.

రామెన్ జపానుకు చీనా వలసదారుల వెంట వచ్చిన గోధుమ నూడుల్స్ వంటకము. 1910లో తోక్యో నగరపు అసాకుసా పేటలో వెలసిన రైరైకెన్ దానిని సామాన్య జనమునకు అలవరచిన తొలి భోజనశాలలలో పేరుగన్నది. పంది ఎముకల రసమునకు మాత్రము జన్మస్థానము చికుగో నదీతీరమందలి కురుమే పట్టణము. 1937లో మియామోతో తోకియో అచట 'నాన్కిన్ సెన్ర్యో' అను బండి పెట్టి, ఎముకల రసముతో రామెన్ అమ్మ నారంభించెను. ఆ రసము నేటివలె తెల్లనిది కాదు. 1947లో సుగినో కత్సుమి నడుపుచుండిన 'సాంక్యూ' బండిలో, యజమాని పనిమీద వెలుపలికి పోయిన వేళ, పొయ్యిమీది కుండ అతిగా తెర్లి తెల్లబారినదనియు, తిరిగివచ్చినవాడు రుచిచూచి విస్మితుడై ఆ పద్ధతినే నిలుపుకొనెననియు ఆ ఊరివారు చెప్పుదురు.

ఆ తెలుపునకు కారణము శాస్త్రసమ్మతమైనదే. ఎముకల కొనలయందును, చర్మమందును, కీళ్ళయందును ఉన్న కొల్లాజెన్ అను గట్టి పదార్థము దీర్ఘకాలపు వేడికి కరగి జెలటిన్ అగును. మూలుగనుండియు కొవ్వునుండియు వెలువడిన నూనె సన్నని సెగమీదనైనచో పైకి తేలి పొరకట్టును. నీరు అల్లకల్లోలమై తెర్లునపుడు మాత్రము కంటికి కానరాని బిందువులుగా చితికిపోవును. జెలటిన్ ఆ బిందువులను ఆవరించి మరల కలియనీయదు. వెలుగు వానిపై పడి చెదరుటచేత రసము తెల్లగా తోచును. పాలు చేర్చి ఈ వన్నె తెచ్చువారు లేకపోలేదు గాని, అది ఈ విద్యకు అపచారమే.

అయితే ఈ ప్రచండమైన మరుగునకు ముందు జరుగవలసిన శుద్ధి యొకటి కలదు. నా దృష్టిలో ఈ విద్యకు ప్రాణమంతయు అందే యున్నది. తేట రసములో మలినము తెట్టుగా పైకి వచ్చును గనుక తీసివేయవచ్చును. తెర్లు రసములో అది లోపలనే చితికి కలిసిపోవును, మరి యెన్నటికిని విడదీయరాదు. కావున తొడ ఎముకలను మూలుగ బయటపడునట్లు దుకాణములోనే రెండుగా కోయించి, వానితో కాళ్ళను చేర్చి (ఇంటికి 2 కిలోలు చాలును), ఫ్రిజ్‌లో చన్నీట ఒక రాత్రి నానవేసి, ఎర్రబారిన నీటిని మార్చుచుండవలెను. పిమ్మట వేరు నీట 15 నిమిషములు మరగించినచో బూడిదవన్నె తెట్టు దట్టముగా పైకెక్కును. ఆ నీటిని సంకోచింపక పారబోసి, ఒక్కొక్క ఎముకను చేతబట్టి కుళాయి క్రింద బ్రష్షుతో తోమవలెను. కీలు మడతలలోను వెన్నెముక కూడ వేసినచో దాని ప్రక్కనుండు గాడిలోను నల్లని నెత్తురుగడ్డ దాగియుండును. దానిని పుల్లతో పెరికివేయవలెను. తెట్టు అంటుకొన్న కుండను సైతము కడుగకుండ మరల వాడరాదు. ఈ పనిని ఉపేక్షించినవారి రసము మసకబారి నీచు వాసన కొట్టును. ఆపై అల్లము, వెల్లుల్లి ఎంత దండిగా వేసినను ఆ దోషము కప్పుపడదు.

ఇక క్రొత్త నీరు పోసి మంట పెంచవలెను. ఇగిరిన కొలది మరగునీటినే పోయుచు, అడుగంటకుండ గరిటె త్రిప్పుచు, కడపటి గంటలో అల్లము, వెల్లుల్లి, ఉల్లికాడలు వేయుదురు. పగలంతయు పొయ్యి వెలిగించుట పొసగని యింట ప్రెషర్ కుక్కరు వాడుట తప్పుకాదు: రెండు మూడు గంటలలో ఎముక మెత్తబడును. కాని మూతలో బంధింపబడిన నీరు తగినంత తెర్లదు గనుక, మూత తీసి మరియొక గంట పెద్ద మంటమీద మరగించిననే తెలుపు కుదురును. చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టగా ఆ రసము కత్తితో కోయదగినట్లు గడ్డకట్టినచో పాకము ఫలించినదనుకొనవచ్చును. కురుమేలో కొన్ని అంగళ్ళవారు కుండను ఎన్నడును వట్టిచేయరు; మన పల్లెలలో తరవాణి కుండ అడుగున పాత పులుపు నిలిపి దినదినము క్రొత్త గంజి పోసినట్లే, పాత రసములో క్రొత్త రసము కలుపుచు ఆ గాఢతను నిలుపుకొందురు. దీనిని యొబిమొదొషి అందురు.

కుండలోని రసములో ఉప్పు వేయరు. ఉప్పదనమంతయు 'తారె' అను చిక్కని ద్రవమునుండి రావలెను. సోయా సాస్, ఉప్పు, కొంబు, ఎండు పుట్టగొడుగులతో దానిని వేరుగా సిద్ధపరతురు. 1908లో ఇకెదా కికునాయె అను రసాయనశాస్త్రజ్ఞుడు కొంబు రుచికి మూలము గ్లుటమేట్ అని కనుగొనెను. అది మాంసమందలి ఇనోసినేట్‌తో కూడినపుడు రుచి అనేక రెట్లు హెచ్చును. ఎముకలు ఎంతసేపు మరగినను తీరని వెలితి రెండు చెంచాల తారెతో తీరుటకు హేతువిదియే. పైన అమర్చు మాంసమునకై కొవ్వుపొరలు గల పొట్ట మాంసమును చుట్టగా చుట్టి దారముతో కట్టి, సోయా సాస్, సాకె అను బియ్యపు మద్యము, మిరిన్ అను తీయని వంట మద్యము, చక్కెర కలిపిన నీట సన్నని సెగమీద రెండు మూడు గంటలు ఉడికింతురు. రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి చల్లగానే కోసినగాని ముక్క చెదరక నిలువదు. ఆ మిగులు ద్రవములోనే, ఆరున్నర నిమిషములు ఉడికి పచ్చసొన ఇంకను జారుచున్న కోడిగ్రుడ్లను ఊరవేయుదురు.

నూడుల్స్ సన్నగా, తిన్నగా ఉండవలెను. 100 పాళ్ళ గోధుమపిండికి నీరు 30 పాళ్ళు మించదు. పిండి ముద్దకట్టక పొడిపొడిగా నుండి చేతికి లొంగదు గనుక, యంత్రముతో ఒత్తుట మేలు. కన్సుయి అను క్షారజలము వలన నూడుల్స్‌కు సాగుదలయు, లేత పసుపువన్నెయు వచ్చును. అది దొరకనిచోట వంటసోడాను ఓవెన్‌లో 120 డిగ్రీల వేడిమీద గంటసేపు కాల్చినచో, బరువులో మూడవవంతుకు పైగా కోల్పోయి సోడియం కార్బొనేట్ అగును. దానిని 100 పాళ్ళ పిండికి ఒక పాలు చొప్పున వాడవచ్చును, వట్టి చేత మాత్రము తాకరాదు.

ఇంత సన్నని నూడుల్స్ ఒక నిమిషములోపల ఉడుకును, అంత త్వరగానే రసములో నాని మెత్తబడును. ఫుకుఒకా నగరపు నగహామా చేపల సంతలో పనివారికి నిలువ తీరికలేదు గనుక త్వరగా ఉడుకు ఈ సన్నని నూడుల్సే వారికి అనుకూలించినవి. మెత్తబడక ముందే తిని ముగించుటకై గిన్నెలో కొద్దిగానే వడ్డించి, చాలనివారికి అదే రసములో మరియొక పట్టు వేయు 'కయెదామా' పద్ధతి అచట వాడుకలోనికి వచ్చినది. ఇంటిలోను ఇట్లే చేయవలెను: వేడినీట కాచిన గిన్నెలో తారె, దానిపై సలసల కాగు రసము, నీరు బాగుగా జాడించిన నూడుల్స్, ఆపైన మాంసపు ముక్కలు, ఉల్లికాడలు, వేయించిన నువ్వులు, ఎర్రని అల్లపు ఊరగాయ. తినువారు ముందే కూర్చుండియుండవలెను. రెండవ పట్టు కోరువారు రసమును సగమైన మిగుల్చుకొనవలెను. క్రొత్త నూడుల్స్‌తో వచ్చిన నీటికి రసము పలుచనగును గనుక, అప్పుడు మరియొక చెంచా తారె పోసి కలుపుకొందురు.