పార్వతీశం టోపీ, నా కోటు

'బారిష్టర్ పార్వతీశం' మొదటిసారి ఇంజినీరింగ్ సెకండియర్‌లో, హాస్టల్లో చదివాను. ఇంగ్లండు ప్రయాణం కోసం పార్వతీశం ముచ్చటపడి కొనుక్కున్న టోపీ ఆడవాళ్లదని తేలే చోట పడీ పడీ నవ్వాను. రూమ్మేట్‌కి ఆ పేజీలు గట్టిగా చదివి వినిపించాను కూడా. రెండోసారి చదివింది పోయినేడాది. అదే చోటికి వచ్చేసరికి నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ రెండు చదువుల మధ్య నా ఎంఎస్ ఉంది. ఆ ఎంఎస్‌లో ఒక కోటు ఉంది.

2012 ఆగస్టులో అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక యూనివర్సిటీ ఊళ్లో దిగాను. హైదరాబాద్‌లో కొన్న స్వెట్టర్ నవంబరుకే చేతులెత్తేసింది. పాత బట్టల షాపులో 12 డాలర్లకి ఒక నల్ల కోటు దొరికింది. నెలన్నర తొడుక్కుని తిరిగాక, మా ల్యాబ్‌లో ఒకమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది, గుండీలు ఎడమవైపు ఉన్నాయంటే అది లేడీస్ కోటని. బస్సులో మర్చిపోయానని రూమ్మేట్లకి అబద్ధం చెప్పి ఇంకోటి కొన్నాను. చాలా ఏళ్లు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పార్వతీశం చెప్పాడు. తేడా అంతా అక్కడే ఉంది.

మొక్కపాటి నరసింహశాస్త్రి ఈ నవల మొదటి భాగం 1924లో వచ్చింది. అంటే విదేశీ చదువు మీద మన మొదటి కథల్లో ఒకటి వందేళ్ల కిందటే ఉంది. మొగలితుర్రు కుర్రాడొకడు బారిష్టర్ చదువుకని బయల్దేరతాడు, దారి పొడుగునా తెలియక తప్పులు చేస్తాడు. కథ ఇంతే అయితే ఇన్నాళ్లు నిలిచేది కాదు. ఆ కుర్రాడి మీద నవ్వుతున్నది పక్కనున్న తెల్లవాడో, అన్నీ తెలిసిన రచయితో కాదు, పార్వతీశమే. నవలంతా 'నేను' అని నడుస్తుంది. అప్పటి తన తెలియనితనాన్ని తర్వాత తనే గుర్తు చేసుకుని, దాచకుండా మన ముందు పెడతాడు. తనని తాను బాధితుడిగా చూపించుకోడు. 'చూడండి, అక్కణ్నుంచి ఇక్కడిదాకా వచ్చాను' అని రొమ్ము విరుచుకోడు కూడా. అందుకే మనం నవ్వేది అతన్ని చూసి కాదు, అతనితో కలిసి.

ఇప్పుడు మన అమెరికా తెలుగు కథల దగ్గరికి వద్దాం. నేను చదివిన వాటిలో చాలావరకు కుదురుకున్నాక మొదలవుతాయి. ఇల్లు కొన్నాక, గ్రీన్‌కార్డు లైన్లో నిలబడ్డాక, అమ్మానాన్నలు ఆరు నెలలకని వచ్చి బోరు కొట్టాక, పిల్లలకి తెలుగు రావట్లేదని తెలిశాక. ఆ కథలు అబద్ధాలని అనను. కానీ నలుగురం రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఉంటూ, ప్రతి ధరనీ రూపాయల్లోకి మార్చుకుంటూ, క్యాంపస్ డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగిన రెండేళ్లు వాటిలో ఏమవుతాయి? 'కష్టపడి ఎంఎస్ పూర్తి చేశాడు.' ఒక్క వాక్యం. విచిత్రమేంటంటే, పార్వతీశం కూడా అక్కడ కుదురుకుని, లోకజ్ఞానం వచ్చిన కొద్దీ నవలలో జీవం తగ్గుతుంది. మొదటి భాగం ముందు మిగతా రెండూ నాకు చప్పగానే అనిపించాయి. అతని కథ ఎక్కడ చప్పబడుతుందో, మన కథలు సరిగ్గా అక్కడ మొదలవుతున్నాయి.

అయితే పార్వతీశానికి ఒక సౌకర్యం ఉంది. అతను తిరిగి రావడానికే వెళ్లాడు. బారిష్టర్ అయి ఇంటికొస్తే అదే విజయం. మాకు తిరిగి రావడమంటే ఓటమి. బ్యాంకు లోను ఉంటుంది, దానికి తాకట్టు పెట్టిన ఇల్లు ఉంటుంది, పైన క్యాలెండర్ ఉంటుంది. ఎఫ్-1 మీద సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో పని వారానికి 20 గంటలే. చదువయ్యాక ఓపీటీ 12 నెలలు, సాంకేతిక చదువులకైతే ఇంకో 24. ఆ మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు దాటకూడదు. ఆ తర్వాత హెచ్-1బీ. ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి మరో 20,000. అడిగేవాళ్లు అంతకంటే ఎక్కువ కాబట్టి లాటరీ. ఇన్ని అంకెలు లెక్కపెట్టుకునేవాడికి తన మీద తను నవ్వుకునే తీరిక ఎక్కడిది? వెనక్కి దారి ఉన్నవాడికే అలాంటి నవ్వు వస్తుందేమో.

చాలాకాలం ఈ వాదనతోనే సరిపెట్టుకున్నాను. ఇప్పుడది సగమే నిజం అనిపిస్తోంది. భయం వల్ల నవ్వలేకపోయామన్నది సరే, మరి చెప్పకపోవడానికి కారణం? అది సిగ్గు. గిన్నెలు కడుగుతున్న రోజుల్లో అమ్మతో 'లైబ్రరీలో పని' అన్నాను. ఆవిడ వీధంతా చెప్పుకుంది. ఆ వీధిలో పిల్లలు విన్నారు. 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో ఎంతమంది ఇలాంటి 'లైబ్రరీ' మాటలు విని విమానం ఎక్కారో ఎవరు లెక్కపెడతారు?

మా పిన్ని కొడుకు కూడా ఎక్కాడు. ఐ-20 రాగానే ఫోన్ చేసి, "అన్నా, అక్కడెలా ఉంటుంది?" అన్నాడు. "సూపర్‌రా, ఎంజాయ్ చేస్తావ్" అన్నాను. డిసెంబర్లో ఒకరోజు రాత్రి రెండింటికి మళ్లీ ఫోన్. చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి, "ముందే ఎందుకు చెప్పలేదన్నా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కోటు సంగతి చెప్పాను. మొదటిసారి ఒకరికి చెప్పడం. కాసేపాగి, "నిజంగా నెలన్నర వేసుకున్నావా?" అని నవ్వాడు. దాంతో వాడి ఫీజు తీరలేదు, ఉద్యోగమూ రాలేదు. కానీ ఆ తర్వాత వాడు తన సంగతులు చెప్పడం మొదలెట్టాడు. తెల్లారిందాకా చెప్పాడు.

పార్వతీశాన్ని హాస్యనవల అని అరలో సర్దేశాం. నాకిప్పుడది వెనక వచ్చేవాళ్ల కోసం ఒకడు సిగ్గు పక్కన పెట్టి రాసిన పుస్తకంలా కనిపిస్తోంది. మన తరానికి అలాంటిది ఇంకా రాలేదు. మరి నువ్వే రాయొచ్చుగా అంటారా? నాకు కథలు రాయడం రాదు. కోటు గురించి ఇక్కడిదాకా చెప్పడానికే పదేళ్లు పైన పట్టింది.