వినడం తెలిసిన గూఢచారి

టీవీలో పేరు మోసిన హాస్యాన్ని సినిమాగా తీయబోయేవాళ్ళకి మొదటి చిక్కు నిడివితో వస్తుంది. వారానికి ఇరవై అయిదు నిమిషాలు కడుపుబ్బ నవ్వించిన మనిషి, అదే పని గంటన్నర పాటు చేస్తే విసుగెత్తిస్తాడు. రెండో చిక్కు పాత అభిమానులతో. వాళ్ళు ప్రతి ఊతపదం కోసం కాచుకుని కూర్చుంటారు. పక్క సీటులోని కొత్త ప్రేక్షకుడికి ఆ మాటకి ఎందుకు నవ్వాలో తెలియదు. పీటర్ సీగల్ దర్శకత్వంలో, స్టీవ్ కరెల్ హీరోగా 2008 జూన్ 20న విడుదలైన 'గెట్ స్మార్ట్' ఈ రెండు ముడులనూ ఎలా విప్పుకుందో చూస్తే ముచ్చటేస్తుంది. హాస్యచిత్రాల్లో అది శిఖరమని నేననను. కానీ రచయితలు టామ్ ఆసిల్, మాట్ ఎంబర్ తీసుకున్న ఒక నిర్ణయం, దాన్ని సినిమా చివరిదాకా నడిపించిన తీరు, రీమేకులు రాసేవాళ్ళు విప్పి చూసుకోదగ్గవి.

ముందు అసలు సరుకు సంగతి. మెల్ బ్రూక్స్, బక్ హెన్రీ కలిసి సృష్టించిన ఈ సీరియల్ 1965 సెప్టెంబర్ 18న అమెరికాలోని ఎన్‌బీసీ చానల్లో మొదలైంది. ఆఖరి సీజన్ సీబీఎస్‌కి మారి, 1970 దాకా మొత్తం 138 ఎపిసోడ్లు నడిచింది. అవి జేమ్స్ బాండ్ జ్వరం ఊపేస్తున్న రోజులు. 1962లో 'డాక్టర్ నో', 1964లో 'గోల్డ్‌ఫింగర్' వచ్చాయి. ఆ జ్వరం మన దాకా పాకి 1966లో కృష్ణ హీరోగా 'గూఢచారి 116' అయింది. మనవాళ్ళు బాండ్‌ని చూసి ముచ్చటపడితే, బ్రూక్స్, హెన్రీ అతన్ని ఆటపట్టించారు. బాండ్ వేషంలోకి 'పింక్ పాంథర్' ఇన్‌స్పెక్టర్ క్లూసో లాంటివాణ్ణి దింపితే ఎలా ఉంటుందన్నది నిర్మాత డానియల్ మెల్నిక్ ఆలోచన. అలా పుట్టినవాడే 'కంట్రోల్' అనే రహస్య సంస్థలో పనిచేసే ఏజెంట్ 86, మాక్స్‌వెల్ స్మార్ట్. ఎదుటి పక్షం పేరు 'కేయాస్'. ఆ పాత్రకి డాన్ ఆడమ్స్ వరసగా మూడుసార్లు ఎమ్మీ అందుకున్నారు.

ఆడమ్స్ మాక్స్‌లో నవ్వు ఎక్కడ పుడుతోందని వెతికితే, తెలివితక్కువతనం కన్నా ముందు ఇంకొకటి దొరుకుతుంది. అతను ఎదుటివాళ్ళ మాట చెవిన వేసుకోడు. ఏదో కొంప మునిగిందని తోటి ఏజెంట్ 99 చెప్పబోతుంది. "అలా జరిగిందని మాత్రం చెప్పకు" అంటాడు. ఆమె సరిగ్గా అదే చెబుతుంది. "చెప్పొద్దన్నానా!" అని విసుక్కుంటాడు. రహస్యాలు మాట్లాడుకోవడానికి పైనుంచి దిగే ప్లాస్టిక్ గుమ్మటం, 'కోన్ ఆఫ్ సైలెన్స్', ఇదే జోకుకి యంత్రరూపం. దాని కింద కూర్చున్న ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినపడదు. కంట్రోల్ చీఫ్ వద్దంటాడు, మాక్స్ రూలు ప్రకారం కావాల్సిందేనంటాడు. ఎడ్వర్డ్ ప్లాట్ వేసిన ఆ చీఫ్ వారం వారం తల పట్టుకుంటాడు, బార్బరా ఫెల్డన్ వేసిన 99 వారం వారం కేసు గట్టెక్కిస్తుంది. మళ్ళీ వారం మాక్స్ అదే మాక్స్. సీరియల్‌కి అది కావాలి. ఏమీ నేర్చుకోని మనిషే అన్ని వారాలు తిరిగి రాగలడు.

ఆ మనిషే సినిమాకి సరిపోడని 1980లో తేలింది. ఆడమ్స్‌తోనే తీసిన 'ది న్యూడ్ బాంబ్'లో బట్టల్ని మాత్రమే మాయం చేసే బాంబు ఉంది, 99 లేదు. ఒక ఎపిసోడ్‌కి సరిపడే ఊహని పూర్తి సినిమాగా సాగదీస్తే పులుసులో నీళ్ళు పోసినట్టయింది. 1989లో పాత జంటతో ఒక టీవీ సినిమా వచ్చింది. 1995లో కొడుకు పాత్రని ముందుకు తెచ్చి ఫాక్స్ చానల్ చేసిన సీరియల్ ఏడు ఎపిసోడ్లకే ఆగింది. 2005లో ఆడమ్స్ కన్నుమూశారు. తర్వాత ఆ పాత్రకి చేయి పెట్టేవాళ్ళకి మిగిలిన దారులు రెండే అనిపిస్తాయి: ఆయన్ని అనుకరించి నవ్వులపాలు కావడం, లేదా ఆయన్ని పూర్తిగా పక్కన పెట్టి, పేరు మాత్రం వాడుకోవడం.

ఆసిల్, ఎంబర్ మూడో దారి వెతికారు. మాక్స్ ఊతపదాలు, నడక, సూటు, ముక్కుసూటితనం అన్నీ అలాగే ఉంచి, ఒక్క గుణాన్ని తిరగేశారు. వీళ్ళ మాక్స్‌కి వినడమే ఉద్యోగం. అతను ఫీల్డ్ ఏజెంటు కాదు, విశ్లేషకుడు. శత్రువుల ఫోన్ కబుర్లన్నీ విని, బారెడు నివేదికలు రాస్తాడు. సమావేశంలో వాటిని చదువుతుంటే తోటి ఏజెంట్లు కునికిపాట్లు పడతారు. వాళ్ళకి అక్కర్లేని విషయాలు చెబుతాడు: ఫలానా కేయాస్ మనిషి ఏం తింటాడు, ఇంట్లో ఎలాంటి గొడవలో ఉన్నాడు, దేనికి బెంగపడుతున్నాడు. చెడ్డ పని చేసేవాళ్ళు కూడా మనుషులేనని, వాళ్ళని అర్థం చేసుకుంటేనే గెలవగలమని అతని వాదన. ప్రేక్షకుడు కూడా ఆ దృశ్యాన్ని చాదస్తపు జోకుగా నవ్వి వదిలేస్తాడు. సినిమా మొత్తానికి దూలం అక్కడే ఎత్తారని ఆ క్షణాన తెలియనివ్వకపోవడం రాతలోని నేర్పు.

ఇక అతను ఆఫీసు కుర్చీలోంచి లేచి రంగంలోకి దిగాలి. అనుభవం లేనివాణ్ణి పంపడానికి చీఫ్‌కి గట్టి కారణం ఉండాలి. సీరియల్లో అలాంటి కారణం ఎవరూ అడగలేదు. సినిమాలో ప్రేక్షకుడు అడుగుతాడు. అందుకని కేయాస్ ముఠా కంట్రోల్ ఆఫీసు మీద దాడి చేసి, ఏజెంట్ల వివరాలన్నీ దోచుకుంటుంది. అందరి మొహాలూ శత్రువుకి తెలిసిపోయాయి. మిగిలింది ఎవరికీ తెలియని మాక్స్, ఈమధ్యే ప్లాస్టిక్ సర్జరీతో మొహం మార్చుకున్న 99. ఒక్క సర్జరీతో రచయితలు రెండు పనులు చక్కబెట్టుకున్నారు. కథలో ఆమెని ఎంచుకోవడానికి అదే కారణం. తెర మీద కరెల్‌కీ ఆన్ హాథవేకీ మధ్య ఉన్న ఇరవై ఏళ్ళ తేడాకీ అదే జవాబు. 99 నిజానికి కనిపించే వయసు కన్నా పెద్దది. ప్రేక్షకుడు మనసులో అనుకోబోయే విమర్శని పాత్ర నోటితోనే జోకుగా చెప్పించేశారు.

కరెల్ నటన గురించి చెప్పాల్సింది ఆయన చేయనిది. ఆడమ్స్ ముక్కుతో కొట్టినట్టు పలికే ఆ గొంతుని కరెల్ ముట్టుకోలేదు. బ్రిటిష్ సీరియల్ 'ది ఆఫీస్'ని అమెరికాలో తిరిగి తీసినప్పుడు ఆయన ఇదే పరీక్ష ఒకసారి రాశాడు. రికీ జర్వైస్ పాత్రని అనుకరించకుండా సొంత మనిషిని నిలబెట్టాడు. ఇక్కడ కూడా అంతే. ఆడమ్స్ మాక్స్ తప్పు చేసినా తలెత్తుకునే ఉంటాడు. కరెల్ మాక్స్ తప్పు చేయగానే ఒక్క క్షణం అతని కళ్ళలో సిగ్గు మెరుస్తుంది, ఆ తర్వాతే తల ఎత్తుతాడు. అతనికి పని వచ్చు, అలవాటే లేదు. చేయి తిరగనివాడు ధైర్యం నటిస్తుంటే పుట్టే నవ్వు ఇది. అలాంటి మనిషికి గంటన్నరలో ఎదగడానికి చోటుంటుంది.

పాత వస్తువుల్ని ఎలా వాడుకున్నారో చూస్తే రచయితల పొదుపు తెలుస్తుంది. బూటు ఫోను, ఎర్రటి సన్‌బీమ్ టైగర్ కారు, పాత సూటు మొదట్లో మ్యూజియంలో అద్దాల వెనక కనిపిస్తాయి. ప్రచ్ఛన్న యుద్ధంతోనే కంట్రోల్ మూతపడిందని లోకం నమ్ముతోంది. అసలు ఆఫీసు ఆ మ్యూజియం కిందే ఉంది. అభిమాని వాటిని గుర్తుపట్టి మురిసిపోతాడు, కొత్తవాడికి అవి ఒక ప్రదర్శన. చాలాసేపటికి మాక్స్ మీద ద్రోహి అన్న నింద పడి, సొంత సంస్థ వాళ్ళే అతన్ని గదిలో బంధించాక, తప్పించుకుని వచ్చి ఆ అద్దాల వెనక ఉన్నవే తీసుకుంటాడు. ఆ సూటు వేసుకున్నాకే అతను పాత మాక్స్‌లా కనిపిస్తాడు. అభిమానులకి ఇవ్వాల్సిన కానుకని మొదటి పది నిమిషాల్లో పంచేయకుండా, కథకి అక్కర పడిన చోట ఇచ్చారు. 'కోన్ ఆఫ్ సైలెన్స్' కూడా కొత్త సాంకేతికతతో వస్తుంది గానీ దాని రాత మారదు.

ఊతపదాల విషయంలో ఒక ఉదాహరణ చాలు. పాత మాక్స్‌కి బేరమాడుతూ అబద్ధమాడే అలవాటుంది. 1965 నాటి పైలట్ ఎపిసోడ్‌లో, చేతికి చిక్కిన మాక్స్ విలన్ని బెదిరిస్తాడు: ఏడు గస్తీ నౌకలు ఇటే వస్తున్నాయి. విలన్ నమ్మడు. ఆరు అంటాడు. దానికీ నమ్మకపోతే, చివరికి పడవలో ఇద్దరు పోలీసులకి దిగుతాడు. సినిమాలో కూడా అంతే. స్నైపర్లతో మొదలైన బెదిరింపు, చిన్నపిల్లల గాలి తుపాకీ పట్టుకున్న చక్ నోరిస్ దగ్గర తేలుతుంది. లెక్కలు, పేర్లు కొత్తవి, మెట్లు మాత్రం పాతవే. పెద్దది, కొంచెం చిన్నది, ఆ తర్వాత పాతాళం. మూడో మెట్టు ఎప్పుడూ ముందు రెండిటి వరసలోంచి కాకుండా పక్కనుంచి రావాలన్నది దీని సూత్రం. పాత సీరియల్ పేరు విననివాడు కూడా అక్కడ నవ్వుతాడు.

ఇప్పుడు దూలం సంగతి. మాస్కోలో కేయాస్ తరఫున కాపలా కాసే దలీప్ అనే ఆజానుబాహుడు మాక్స్‌నీ 99నీ చావబాదుతుంటాడు. ఆ వేషం వేసింది మన హిమాచల్ కుస్తీవీరుడు 'ది గ్రేట్ ఖలీ', అసలు పేరు దలీప్ సింగ్ రాణా. కొట్టి గెలవలేమని తెలిశాక మాక్స్ అతని సంసారం గురించి మాట్లాడటం మొదలుపెడతాడు. భార్యతో పడుతున్న గొడవలు ఫోన్ కబుర్లలో విన్నాడు కదా. తన బాధ ఒకడికి పట్టిందని తెలియగానే ఆ కొండలాంటి మనిషి కరిగిపోతాడు. మొదట్లో అందరూ ఆవలించిన నివేదిక ఇక్కడ ప్రాణం కాపాడింది. అంతటితో వదలలేదు. తర్వాత దలీప్ ఒక రేడియో కార్యక్రమం ద్వారా సంకేతం పంపుతాడు. నిర్బంధంలో ఉన్న మాక్స్ దాన్ని విని, కేయాస్ పెట్టిన బాంబు లాస్ ఏంజిలిస్‌లో ఉందని పసిగడతాడు. చివర్లో దలీప్ భార్యని కించపరిచిన కేయాస్ విలన్ సీగ్‌ఫ్రీడ్‌ని అతనే ఎత్తి నీళ్ళలోకి విసిరేస్తాడు. విలన్‌కి పడిన శిక్ష కూడా వినకపోవడం వల్లే.

పతాక సన్నివేశం ఈ నూలుకి ఆఖరి ముడి. వాల్ట్ డిస్నీ కాన్సర్ట్ హాల్లో బీథోవెన్ తొమ్మిదో సింఫనీ ముగింపు స్వరాలకి బాంబు పేలేలా పెట్టారు. అక్కడ కూడా మాక్స్ చెవితోనే గుట్టు విప్పి, పరుగెత్తుకొచ్చి ముసలి వాద్యబృంద సంచాలకుడి మీదకి దూకుతాడు. ఉత్కంఠ చెవిదైనా నవ్వు ఒంటిదే. ఈ కలయికని తెర మీద పండించడం సీగల్‌కి కొత్త కాదు. ఆరు ఎపిసోడ్లకే ఆగిపోయిన 'పోలీస్ స్క్వాడ్' అనే టీవీ హాస్యం నుంచి పుట్టిన 'నేకెడ్ గన్' సినిమాల్లో మూడోది, 1994లో, ఆయనే తీశాడు. విమానంలో బూటుకి అంటుకున్న బబుల్‌గమ్ వదిలించుకోబోయి తీవ్రవాదిగా పట్టుబడటం, మాస్కో విందులో బొద్దుగా ఉన్న యువతితో కలిసి నాట్యంలో అందర్నీ మించిపోవడం కూడా ఆ చేతివాటానివే. ఆ నాట్యంలో నవ్వు ఆమె ఒంటి మీద పడకుండా కాపాడింది మాక్స్ గతం. ఒకప్పుడు తనూ భారీకాయుడే.

లోపాలు లేవని కాదు. పాత సీరియల్లో బెర్నీ కోపెల్ వేసిన సీగ్‌ఫ్రీడ్ తన ముఠాని గుమాస్తాల ఆఫీసులా నడిపే చమత్కారి. టెరెన్స్ స్టాంప్ సీగ్‌ఫ్రీడ్‌కి ఆ చమత్కారం రాసివ్వలేదు. ఆయన మొహం మీద కోపం తప్ప వేరే పని లేదు. డ్వేన్ జాన్సన్ వేసిన ఏజెంట్ 23 ద్రోహి అని ముందే ఊహించవచ్చు. ఆఫీసులో ఆటపట్టించుకునే కుర్రాళ్ళ దృశ్యాలు కథని ఆపుతాయి. విమానం మరుగుదొడ్డిలో బాణాలు గుచ్చుకునే జోకు ఒకటి తగ్గినా నష్టం లేదు. అయినా 8 కోట్ల డాలర్లతో తీసిన సినిమా ప్రపంచవ్యాప్తంగా దాదాపు 23 కోట్లు రాబట్టింది. పాత అభిమానులు, కొత్తవాళ్ళు ఒకే హాల్లో కూర్చున్నారన్నమాట.

చూడదలచుకున్నవాళ్ళు 1965 నాటి నలుపు తెలుపు పైలట్ ఎపిసోడ్ ముందు చూసి, ఆ తర్వాత సినిమాకి రండి. రెండిట్లోనూ ఇంకెవరైనా మాట్లాడుతున్నప్పుడు మాక్స్ మొహాన్ని గమనించండి. ఆడమ్స్ తన తర్వాతి మాట ఎప్పుడందామా అని కాచుకుని ఉంటాడు. కరెల్ ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగుతాడు. దర్శకుడు కెమెరా పెట్టకముందే, నటుడు సూటు వేసుకోకముందే, ఆ ఆగడం కాగితం మీద రాసి ఉంది.